ఇరవయ్యేళ్లకు ముక్కు కుట్టించుకుంటే

తెలుగిళ్లలో చాలామందికి తమ చెవులు కుట్టించిన రోజు గుర్తుండదు. ఏడాది నిండకముందో, పుట్టువెంట్రుకలు తీయించినప్పుడో మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు, కంసాలి పని కానిచ్చేస్తాడు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది, నోట్లో ఇంత చక్కెర వేస్తారు, అయిపోతుంది. ముహూర్తం, బంగారం, కుట్టే చెయ్యి, అన్నీ పెద్దవాళ్లు ఎంచినవే. తాను కోరి, తన డబ్బుతో వేయించుకునే మొదటి కుట్టు మాత్రం డిగ్రీ రోజుల్లోనో, మొదటి జీతం చేతికందాకో పడుతుంది. అమ్మాయిలైతే ముక్కుకో, చెవి పైఅంచుకో. అబ్బాయిలైతే చాలాసార్లు చిన్నప్పుడు కుట్టి పూడిపోయిన చెవికే మళ్లీ.

ఆ కుట్టు వెడల్పు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. దాని మీద ఇంట్లో వాదన మాత్రం ఓ పట్టాన తెగదు. “ఇప్పుడెందుకే ఈ వేషాలు, చక్కగా ప్రెస్సింగ్ పుడక పెట్టుకోరాదూ” అంటుంది అమ్మ. అమ్మమ్మ చాలాసార్లు మనవరాలి పక్షమే. ఆమె తరంలో పల్లెటూళ్లలో ముక్కుకు రెండు పక్కలా కుట్టించుకోవడం మామూలు. ఒకవైపు రాళ్ల బేసరి, మరోవైపు పుడక, కొందరికి మధ్యలో బులాకీ కూడా ఉండేవి. చదువులకూ ఉద్యోగాలకూ పట్నం చేరిన నడిమి తరం వాటిని తీసి బీరువాలో పెట్టింది. మనవరాలు అడుగుతున్నది ఆ బీరువాలోదే.

అలాగని ముక్కుపుడక అనాదిగా వస్తున్న నగ అనుకోనక్కర్లేదు. పుణె పండితుడు పి.కె. గోడే 1938లో దీని ప్రాచీనత మీద ఒక వ్యాసం రాశారు. క్రీ.శ. 1000కి ముందటి మన సాహిత్యంలోగానీ శిల్పంలోగానీ ముక్కు నగ జాడ లేదన్నది ఆయన వాదన. ఇందుకు తెలుగువాళ్ల దగ్గరే సాక్ష్యం ఉంది. అమరావతి శిల్పాల్లో స్త్రీల చెవులకు బరువైన కుండలాలుంటాయి, మెడలో హారాలు, కాళ్లకు కడియాలు ఉంటాయి. ముక్కు మాత్రం బోసిగానే ఉంటుంది. అంటే ముక్కు నగను కూడా ఒకనాటి ఆడవాళ్లు కొత్తగా ఇష్టపడి పెట్టుకున్నారన్నమాట. ఇప్పటి అమ్మాయిలకు ఆ హక్కు లేదనడం న్యాయం కాదు. 2005లో పద్దెనిమిదేళ్ల సానియా మీర్జా ముక్కుకు రింగుతో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండు దాకా వెళ్లినప్పుడు హైదరాబాదు మురిసిపోయింది కదా!

ఈ చిన్న పుడక ఒకసారి ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో దక్షిణ భారత మూలాలున్న ఒక విద్యార్థిని 2004లో సెలవుల్లో ముక్కు కుట్టించుకుంది. బడి నియమాలు ఒప్పుకోవని యాజమాన్యం పుడక తీసేయమంది. తల్లి తలొగ్గలేదు. ఆడపిల్ల ఎదిగొచ్చిందనడానికి, బాధ్యత తెలిసిన మనిషయిందనడానికి గుర్తుగా తమ ఇంట్లో ముక్కు కుట్టిస్తారని, పదహారేళ్లు నిండాక అమ్మమ్మ బంగారు పుడక తీసి వజ్రపు పుడక పెడుతుందని కోర్టుకు చెప్పుకుంది. 2007 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ కుటుంబం పక్షాన తీర్పిచ్చింది. తప్పనిసరి ఆచారం కాకపోయినా, మనిషి తనకు తానుగా పాటించే ఆచారానికి కూడా రక్షణ ఉంటుందని తేల్చింది. అప్పటికి ఆ అమ్మాయి బడి చదువు ముగించేసింది. అయినా ఆ తీర్పు తర్వాతివాళ్లకు ఆసరాగా నిలిచింది.

హక్కు సంగతి సరే, కుట్టే పద్ధతి దగ్గరే ఇప్పటి తరం నష్టపోతోంది. సుశ్రుత సంహిత చెవి కుట్టడం గురించి ఎంత శ్రద్ధగా చెప్పిందో చూడండి. బిడ్డను దాది ఒళ్లో కూర్చోబెట్టి ఆటవస్తువులతో ఏమార్చాలి. వైద్యుడు ఎడమ చేత్తో చెవి తమ్మెను లాగిపట్టి, ఎండ వెలుగు పారుతున్న చోటును కళ్లతో వెతుక్కోవాలి. ఆ చోటుకు దైవకృత ఛిద్రమని పేరు. అక్కడ కుడి చేత్తో, మెల్లగా, నిటారుగా సూది దించాలి. రక్తం బాగా కారినా, నొప్పి ఎక్కువైనా గుచ్చిన చోటు తప్పిందని గ్రహించాలి. తర్వాత దూది వత్తి దూర్చి, నూనె పెట్టి, మూడేసి రోజులకొకసారి వత్తి లావు పెంచుతూ పోవాలి. వెలుగు పారే చోట పెద్ద రక్తనాళం ఉండదు. నేటి పియర్సర్లు చెవి వెనక టార్చి పెట్టి చూసేదీ ఇందుకే.

మన కంసాలి చేతిలోనూ ఇలాంటి నేర్పే ఉండేది. సన్నటి బంగారు తీగ మొనను సూదిలా నూరి, ఆ తీగనే చర్మంలోంచి దూర్చి, శ్రావణంతో కొసలు మెలితిప్పేవాడు.

ఇప్పుడు బజార్లలో చాలాచోట్ల కనిపించేది గన్. అది పదునులేని శీలను స్ప్రింగు బలంతో చర్మంలోకి తోస్తుంది. చెవి తమ్మె మెత్తటి కండ కాబట్టి తట్టుకుంటుంది. చెవి పైఅంచు, ముక్కు పక్క మృదులాస్థితో తయారైనవి. దానికి సొంత రక్తనాళాలు లేవు, చుట్టూ ఉన్న పొర నుంచే పోషణ అందాలి. అక్కడ నలిగితే త్వరగా మానదు, చీము పడితే చెవి ఆకారమే చెడిపోతుంది. పైగా ప్లాస్టిక్ భాగాలున్న గన్‌ను ఆసుపత్రి పనిముట్లలా ఆవిరి వేడిలో శుద్ధి చేయలేరు. 2000లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఒక నగల కొట్లో చెవులు కుట్టించుకున్నవాళ్లలో 7 మందికి సూడోమోనాస్ ఇన్ఫెక్షన్ రూఢి అయింది, మరో 18 మందికి సోకిందని అనుమానించారు. నలుగురు ఆసుపత్రిలో చేరారు. కొందరి చెవులు వికారమయ్యాయి. క్రిమిసంహారక ద్రవం పోసుకున్న సీసాలోనే ఆ సూక్ష్మజీవి చేరింది.

మంచి స్టూడియోలో పని తీరు వేరు. చేతులు కడుక్కుని కొత్త గ్లవ్స్ తొడుక్కుంటారు, ముక్కు లోపలా బయటా శుభ్రం చేస్తారు, ఊదారంగు మందుతో చుక్క పెట్టి అద్దం చేతికిస్తారు. చుక్క నచ్చకపోతే తుడిచి మళ్లీ పెట్టమనాలి. అందులో మొహమాటం పనికిరాదు. ఆ తర్వాత సీలు విప్పిన బోలు సూది ఒక్క ఊపులో దిగుతుంది. ఆ వైపు కంట్లోంచి నీళ్లు వాటంతటవే కారిపోతాయి. సూది వెంటే పుడక లోపలికి జారుతుంది. మొత్తం నిమిషం పని.

మానడం మాత్రం నెలల పని. చెవి తమ్మెకు రెండు నెలల లోపు సరిపోతుంది. ముక్కుకు నాలుగు నుంచి ఆరు నెలలు, చెవి పైఅంచుకు, బొడ్డుకు ఏడాది దాకా పట్టవచ్చు. మందుల షాపులో దొరికే సెలైన్‌తో రోజుకు ఒకటి రెండుసార్లు కడిగితే చాలు. డెటాల్, స్పిరిట్ కొత్తగా పుట్టే చర్మాన్ని మాడుస్తాయి. పసుపు మీద నమ్మకం ఎంతున్నా, వంటింటి డబ్బాలోని పొడిని పచ్చి పుండు మీద అద్దకూడదు. పుడకను తిప్పుతూ ఉండాలన్న పాత సలహా కూడా మానేయాల్సిందే. చెవి పైఅంచు కుట్టించుకున్నవాళ్లకు అసలు పరీక్ష హెల్మెట్. అది తొడిగినప్పుడల్లా, తీసినప్పుడల్లా కుట్టు రేగుతుంది.

లోహం దగ్గర మనవాళ్లు బంగారం ఒక్కటే చూస్తారు. మేలిరకం టైటానియం, నికెల్ కలవని 14 లేదా 18 క్యారెట్ల బంగారం పచ్చి కుట్టుకు మంచివి. పైపూత పూసిన చవక పుడకలతోనే దురద, రసి మొదలవుతాయి. నికెల్ పడనివాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టే యూరప్ దేశాలు 1994లోనే కుట్లలో పెట్టే నగల నికెల్ మీద ఆంక్షలు పెట్టాయి. దెబ్బ తగిలిన చోటల్లా మచ్చ ఉబ్బి గట్టిపడే ఒళ్లయితే, అంటే కెలాయిడ్ లక్షణం ఇంట్లో ఉంటే, ముందు చర్మవైద్యుణ్ని కలవాలి.

సమయం కూడా చూసుకోవాలి. నీట్ రాసేవాళ్లను పరీక్ష హాలు గుమ్మం దగ్గరే ముక్కుపుడక, చెవి రింగులు తీసేయమంటారు. పచ్చి కుట్టు కొద్ది గంటల్లోనే పూడుకుపోవడం మొదలుపెడుతుంది. కనుక పరీక్ష అయ్యేదాకా ఆగాలి. క్రమం తప్పకుండా రక్తదానం చేసే కుర్రాళ్లు కుట్టు వేయించుకుంటే ఏడాది పాటు విరామం ఇవ్వాలి.

ఇక అమ్మానాన్నలకు ఒక మాట. ఇంట్లో గట్టిగా వద్దంటే పిల్లలు చాటుగా వెళ్లేది గన్ ఉన్న కొట్టుకే. అక్కడైతే పని చవకలో, చిటికెలో అయిపోతుంది, ఎవరూ ఏమీ అడగరు. కోపం వచ్చినా సరే తోడు వెళ్లండి. సూది ప్యాకెట్ మీ కళ్ల ముందే విప్పించండి.