ఆ 28 సెకన్లు

మావాడికి రేసు కార్ల పిచ్చి. ఆదివారం సాయంత్రమైతే టీవీ రిమోటు వాడిదే. 2018లో ఫార్ములా వన్ కార్లకి డ్రైవరు తల చుట్టూ 'హేలో' అనే టైటానియం కమ్మీ తప్పనిసరి చేసినప్పుడు వాడు అన్నం మానేసినంత పని చేశాడు. 'ఏడు కిలోల బరువు నెత్తిన పెట్టారు నాన్నా, కారు అందమే పోయింది' అని. డ్రైవర్లలోనూ కొందరు వద్దన్నారు. వాళ్లలో రొమేన్ గ్రోజాన్ ఒకడు.

నాకీ సంగతులన్నీ తెలిసింది వాడి పుణ్యమే. 1976లో టిరెల్ జట్టు ఆరు చక్రాల కారుతో స్వీడన్ రేసు గెలిచింది. కొన్నేళ్లకి నాలుగు చక్రాలే ఉండాలన్న నిబంధన వచ్చింది. 1978లో బ్రాభమ్ జట్టు కారు వెనక పెద్ద ఫ్యాను బిగించింది. ఇంజిను చల్లబరచడానికని పైకి చెప్పినా, అసలు పని కింది గాలిని లాగేసి కారుని నేలకి అతికించడం. అదీ స్వీడన్‌లోనే గెలిచింది, మళ్లీ బరిలోకి దిగలేదు. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు కదా! హేలో వచ్చినప్పుడూ అంతే. దానికి 20 మిల్లీమీటర్ల తొడుగు వేసుకోవచ్చనగానే, ఒక్కో జట్టు ఒక్కో తీరుగా చెక్కి గాలిని తనకి కావలసినవైపు మళ్లించుకుంది. 'పనితనమంటే ఇదీ' అనేవాడు మావాడు, అయిష్టంగానే.

ఇంత తెలిసినవాడికీ బైకెక్కితే హెల్మెట్ గిట్టదు. జుట్టు చెదిరిపోతుందట! చేతికి తగిలించుకుని తిరిగేవాడు. వాడు ఇల్లు చేరేదాకా వాళ్లమ్మ గేటు దగ్గరే.

2020 నవంబరు 29, బహ్రెయిన్ రేసు. మొదటి ల్యాపులోనే ఓ కారు ఇనుప కంచెని గుద్ది, రెండు ముక్కలై భగ్గుమంది. అది గ్రోజాన్‌ది. మావాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. దాదాపు 28 సెకన్ల తరవాత మంటల్లోంచి మనిషి బయటికొచ్చాడు. చేతులు కాలాయి, ప్రాణం దక్కింది. కంచె కమ్మీలని పక్కకి నెట్టి తలని కాపాడింది ఆ హేలోయే. ఒకప్పుడు దాన్ని వద్దన్న గ్రోజానే ఆసుపత్రి మంచం మీంచి దాన్ని మెచ్చుకున్నాడు.

నేనేమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే మావాడు పాల ప్యాకెట్ల కోసం బైకు తీశాడు. వాళ్లమ్మా నేనూ వంటింట్లోంచే చెవులు రిక్కించాం.

టక్కుమంటూ హెల్మెట్ పట్టీ బిగుసుకున్న చప్పుడు వినిపించింది.