నొప్పి లేని గడ్డ

"నొప్పే లేదు గదక్కా, ఇంగ ఆస్పత్రికి యాల పోవల్ల?"
ఈ పొద్దు వేంపల్లెలో ఆశా కార్యకర్తను ఒకామె అడిగిన మాట.

చిక్కంతా అక్కడే. రొమ్ములో క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు.

హైదరాబాద్‌లో డాక్టర్ రఘురామ్ 2007లో తల్లి ఉషాలక్ష్మి పేరిట రొమ్ము క్యాన్సర్ ఫౌండేషన్ పెట్టారు. పల్లెల్లోని ఆరోగ్య కార్యకర్తలకు రొమ్ము పరీక్ష నేర్పించారు. మంచి పని.

నెలసరి మొదలైన వారం పది రోజులకు, వేళ్ల మెత్తటి భాగంతో, రొమ్మును చంకదాకా ఎవరికి వారే తడిమి చూసుకోవాలి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు (ఈ మాట తెలియకే చాలామంది దాచిపెడతారు). అయితే చేత్తో చూసుకుంటే చాలదు. షాంఘైలో 2.6 లక్షల మందికి పైగా స్త్రీలతో చేసిన అధ్యయనంలో, ఇలా చూసుకోవడం నేర్పినంత మాత్రాన మరణాలు తగ్గలేదని 2002లో తేలింది. మార్పు కనబడితే డాక్టరు చూడాల్సిందే.

మీ ఊళ్లో అమ్మకు, అత్తకు ఈ సంగతి ఎవరు చెప్తున్నారు? చెప్పండి.