బోసినోరు, బడి

మనిషికి పాలపళ్లు 20, శాశ్వత దంతాలు 32 అని మీరు చదివే ఉంటారు. ఈ లెక్క అందరికీ సరిపోదు. కొందరికి పుట్టుకతోనే చాలా పళ్లు రావు. వచ్చినవి కూడా మేకుల్లా మొనదేలి ఉంటాయి. జుట్టు పలచగా ఉంటుంది, చెమట సరిగా పట్టదు, నోరు ఎండిపోతుంది. దీన్ని వైద్యులు ఎక్టోడెర్మల్ డిస్ప్లేసియా అంటారు. ఇది జన్యులోపం. గ్రహణం వల్లనో, ఎవరి పాపం వల్లనో వచ్చేది కాదు. అంటుకునేదీ కాదు. సింధు ప్రాంతంలో ఒకే కుటుంబంలో నాలుగు తరాల్లో పదిమంది మగవారికి ఈ లక్షణాలు ఉన్నాయని డార్విన్ 1875లో రాశాడు.

రాయ్‌పూర్‌లో మా అభ్యాసకులను కలిసినప్పుడు ఒక తెలుగు యువకుడిని చూశాను. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని చివర కూర్చున్నాడు. జవాబులన్నీ చక్కగా రాశాడు, అడిగితే మాత్రం నోరు విప్పలేదు. తరువాత నెమ్మదిగా చెప్పాడు: "బళ్లో అందరూ బోసినోటి తాతా అని పిలిచేవారు మేడమ్. ఎనిమిదిలోనే మానేశాను." అతని చదువును ఆపింది తెలివి లేకపోవడం కాదని మీరు గమనించండి.

ఇలాంటి పిల్లలకు మూడు నాలుగేళ్ల వయసులోనే కట్టుడు పళ్లు అమర్చవచ్చు. దవడ ఎదిగేకొద్దీ వాటిని మార్పించాలి. ఎముకలో బిగించే పళ్లను సాధారణంగా ఎదుగుదల పూర్తయ్యాకే పెడతారు. రాయ్‌పూర్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. అక్కడ చూపించుకోవచ్చు.

ఇక నోటి తడి సంగతి. లాలాజలం ఆహారపు తునకలను కడుగుతుంది, పళ్లను తినే ఆమ్లాన్ని తగ్గిస్తుంది. అది తక్కువైతే ఉన్న నాలుగు పళ్లూ త్వరగా పుచ్చిపోతాయి. కాబట్టి మాటిమాటికీ గుక్కెడు నీళ్లు తాగాలి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోవాలి. మిఠాయిలు, కూల్‌డ్రింకులు తగ్గించాలి. ఛత్తీస్‌గఢ్‌లో చాలామంది పళ్లకు రుద్దుకునే గుడాఖూలో పొగాకు ఉంటుంది. దాని జోలికి పోకూడదు. కట్టుడు పళ్లను రాత్రి తీసి, శుభ్రం చేసి, నీళ్లలో ఉంచాలి. చెమట పట్టని శరీరం వేసవిలో త్వరగా వేడెక్కుతుంది కనుక ఎండలో తిరగకుండా తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవాలి.

మీ వీధిలో నోరు మూసుకుని నవ్వే పిల్లవాడు ఉన్నాడేమో చూడండి. ఎగతాళి చేసేవారిని ఆపండి. అతని తల్లిదండ్రులకు దంతవైద్యుడి దగ్గరికి దారి చెప్పండి. బడి మానేసి ఉంటే, మళ్లీ చదువుకునే దారి కూడా చెప్పండి. ఆ దారిలో మీరే నడుస్తున్నారు కదా!