రెండ్రోజుల ముందు మాట

వదినగారూ, గుమ్మడికాయ కోసేశారా? ఇంకా లేదా? అయితే వడియాలు రెండ్రోజులు ఆపండి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందట, రేపటి నుంచి మబ్బు పడుతుందని పొద్దున వార్తల్లో చెప్పారు. చలికాలంలో వానేమిటంటారా? కోస్తాలో మనకి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలమే కదండీ. 2023లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5నే. వరి పనల మీద ఉండగానే తడిసిపోయి రైతులు ఎంత నష్టపోయారో!

అన్నట్టు, మీవాళ్లు సంక్రాంతికి కాశీ వెళ్తున్నారుగా? అక్కడి చలి సంగతి వేరు. మధ్యధరా సముద్రం వైపు పుట్టిన వాతావరణం ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ల మీదుగా నడిచొస్తుంది. వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారు దాన్ని. కశ్మీరులో మంచు, పంజాబులో వాన కురిపిస్తుంది. గోధుమ పైరుకి ఆ వాన వరం. అది దాటిపోగానే ఆకాశం తేటపడి ఉత్తరపు గాలి దిగుతుంది. నేల తడిగా ఉండి, రాత్రి గాలి ఆడకపోతే తెల్లారేసరికి గంగా మైదానమంతా పొగమంచు కమ్మేస్తుంది. ఇక రైళ్లు గంటల తరబడి ఆలస్యం. ఆ ఉత్తరపు గాలే ఇంకా కిందికొస్తే ఆదిలాబాద్, లంబసింగి గజగజలాడతాయి. మనకి సముద్రం దగ్గర కాబట్టి అంత చలి తగలదు.

ఆ వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంత దూరం నుంచి రావడానికి రోజులు పడుతుంది గనకే వాతావరణ శాఖ వాళ్లు ముందుగా చెప్పగలుగుతున్నారు. ఉపగ్రహ చిత్రాల్లో మబ్బుల కదలిక చూస్తారు. పొద్దునా సాయంత్రం బెలూన్లు ఎగరేసి పైగాలిని కొలుస్తారు. మచిలీపట్నం, విశాఖల్లో రాడార్లున్నాయి. అందుకే మూడు రోజుల లోపు చెప్పిన మాటని బట్టి పని పెట్టుకోవచ్చంటాను. పది రోజుల తర్వాతి సంగతికి అంత పట్టుండదు. పొగమంచు మరీ సున్నితం. గాలి కాస్త కదిలితే పట్టదు, ఆగితే పట్టేస్తుంది. మీవాళ్లని బయల్దేరే ముందురోజు సాయంత్రం ఒకసారి, ఆ పొద్దున మరోసారి చూసుకోమనండి.

మైదానాల్లో రాత్రి వేడి 10 డిగ్రీలకో, అంతకంటే కిందికో దిగి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలైనా తగ్గితే శీతల గాలులని ప్రకటిస్తారు. తీవ్రతని బట్టి పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరిక ఇస్తారు. ఫోన్లో మనం చూసేస్తాం సరే. చీకటితో వచ్చే పాలాయనకి, రాత్రంతా గేటు దగ్గర కూర్చునే కాపలా తాతకి ఎవరు చెబుతారు? మనమే చెప్పాలి. చెప్పడమే కాదు, తాతకి ఓ రగ్గు కూడా ఇవ్వాలి. నా దగ్గరొకటి ఉంది, ఇచ్చేస్తాను.

మీ చెల్లెలుండేది ఆదిలాబాద్‌లోనేగా? ఈ మబ్బు విడిపోగానే రాత్రులు మళ్లీ చల్లబడతాయి. ఆవిడ మావగారికి ఆయాసం కదా, ఎండ పొడిచాకే నడకకి వెళ్లమనండి. సాయంత్రం ఫోన్ చేసి చెప్పండి, మర్చిపోకండేం.