ఆ సాయంత్రపు ఖర్చు

శారా మృతిపొందినప్పుడు హేతు కుమారులు తమ సమాధుల్లో శ్రేష్ఠమైనది ఇస్తామన్నారు. అయినా అబ్రాహాము మక్పేలా గుహను నాలుగువందల తులముల వెండి తూచి కొన్నాడు. ఆయన చేతిలో వెండి ఉంది. మన కోసిగిలో ఎందరి చేతిలో ఉంటుంది?

సుగ్గి వచ్చిందంటే మన ఆరాధనలో చాపలు సగం ఖాళీ. కొన్నేళ్ల క్రితం మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్లిన ఒక సహోదరుడు అక్కడే ప్రభువునందు నిద్రించాడు. దేహాన్ని ఇంటికి తెచ్చిన బండి బాడుగే పెట్టె ఖరీదును మించిపోయింది. భార్య నూటికి మూడు వడ్డీకి అప్పు తెచ్చింది. ఆదరణ కూడికకు భోజనాలు పెట్టాల్సిందేనని బంధువులు పట్టుబట్టారు. తిన్నవారెవరూ వడ్డీ కట్టలేదు. రెండు సుగ్గుల కూలి ఆ అప్పుకే పోయింది.

బ్యాంకులో ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా ఉంది. 18 నుండి 50 ఏండ్లలోపు చేరవచ్చు. 2022 నుండి ఏటికి 436 రూపాయలు, మరణిస్తే ఇంటివారికి 2 లక్షలు. తప్పక కట్టండి. కాని ఆ సొమ్ము కాగితాలన్నీ ఇచ్చాకే వస్తుంది. గుంట త్రవ్వినవారికి, బండివానికి ఆ సాయంత్రమే ఇవ్వాలి. మరణ ధ్రువపత్రం కూడా మరణించిన చోటే నమోదు కావాలి. 21 రోజుల్లోనైతే రుసుము లేదు.

అందుకే సుగ్గి నుండి తిరిగొచ్చిన వారంలోనే ఇంటికి కొంత చొప్పున, ఇద్దరు సంఘ పెద్దల పేరిట బ్యాంకులో వేద్దామని అడుగుతున్నాను. ఆదరణ కూడికకు టీ చాలునని ఇంట్లో ఇప్పుడే చెప్పి ఉంచండి. నేను మా ఇంట్లో చెప్పాను. మా అమ్మ మాత్రం ఉగ్గానైనా పెట్టాలంటోంది.