ఫ్లాటుకి ఇరవై రూపాయలు

నవంబరు 15, 2025, శనివారం

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు నిన్న బయటికొచ్చాయి. చట్టం 2023ది. పద్దెనిమిది నిండని పిల్లలు ఏం చూస్తున్నారో వెంటపడి గమనించకూడదు. వాళ్లకి గురిపెట్టి ప్రకటనలు వేయకూడదు. తప్పితే 200 కోట్ల దాకా జరిమానా. కంపెనీలు సర్దుకోడానికి పద్దెనిమిది నెలల గడువు.

అక్క కొడుక్కి పదహారున్నర. లెక్క వేసి చూశాను. గడువు తీరేసరికి వాడు మేజరు.

నవంబరు 17, సోమవారం

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గుడ్‌మార్నింగ్ బొమ్మలు వద్దని నిన్న కమిటీ తీర్మానం. ఇవాళ తెల్లారి అయిదుంపావుకి 504 పిన్నిగారు తులసికోట ముందు దీపాల ఫొటో పెట్టారు. ఆఖరి కార్తీక సోమవారం. 302 ఆయన దండం పెట్టారు. ఆ వెనక వరసగా దండాలు. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందన్న నా ప్రశ్న ఎక్కడో పైకెళ్లిపోయింది.

తీర్మానంలో దేవుడి ఊసు లేదు. చేర్చమనే ధైర్యం ఎవరికీ లేదు. నాకూ లేదు.

నవంబరు 19

గేటు యాప్ అమ్మే కుర్రాడు వచ్చాడు. కరపత్రంలో ‘ఉచితం’ మూడుచోట్ల. ఎవరైనా గేటు దగ్గరికొస్తే పంపమంటారా వద్దా అని ఫోన్ అడుగుతుంది. పనిమనిషి హాజరు, మెయింటెనెన్స్ బిల్లు, ఇరుగుపొరుగు కబుర్లకి ఒక పేజీ. డెమో చూపించాడు. కొరియర్ వచ్చాడని కబురు. దాని నెత్తిన పర్సనల్ లోన్ ప్రకటన. కొరియర్ కన్నా లోనుకే పెద్ద అక్షరాలు. కబుర్ల పేజీలో ఎక్కువమంది కొట్టుకున్న పోస్టు పైకొస్తుందిట. ‘ఎంగేజ్‌మెంట్ సార్’ అన్నాడు. లిఫ్టు చెడింది అన్న ముక్క ఎక్కడుంటుంది? కింద.

“మరి నీ జీతం ఎవరిస్తారు బాబూ?”

“ఇన్వెస్టర్లు సార్.”

“వాళ్లకి?”

నవ్వాడు. మంచి కుర్రాడు. మంచినీళ్లు తాగి వెళ్లాడు.

ప్రకటనలు లేని రకం కూడా ఉందిట. వచ్చింది వచ్చినట్టు వరసలో కనిపిస్తుంది. ఫ్లాటుకి నెలకి 20 రూపాయలు. కరపత్రంలో లేదు. అడిగితే చెప్పాడు.

నవంబరు 23, ఆదివారం

వాట్సాప్ పెట్టినవాళ్లలో బ్రయాన్ ఆక్టన్ ఒక చీటీ రాసి ఇస్తే, రెండోవాడు జాన్ కూమ్ బల్లకి అతికించుకున్నాడు. ప్రకటనలు వద్దు, ఆటలు వద్దు, జిమ్మిక్కులు వద్దు. ఏడాదికి ఒక్క డాలరు చందా. 2014లో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకి కొంటానంది. 2016 జనవరిలో ఆ డాలరు కూడా తీసేశారు. మొన్న జూన్‌లో అప్‌డేట్స్ ట్యాబులో ప్రకటనలు వేస్తామన్నారు.

డాలరు ఉన్న రోజుల్లో చందా కట్టినవాళ్లు మా బంధువుల్లో ఒక్కరూ లేరు. ‘రేపటి నుంచి డబ్బులట, పదిమందికి పంపితే ఫ్రీ అట’ అన్న మెసేజి మాత్రం అందరూ పదిమందికి పంపారు.

నవంబరు 24

అదే ఆక్టన్ ఫేస్‌బుక్ వదిలేసి 2018లో సిగ్నల్ ఫౌండేషన్‌కి అయిదు కోట్ల డాలర్లు పెట్టాడు. ప్రకటనలు లేవు, విరాళాలతో నడుస్తుంది. 2023లో ఖర్చుల పద్దు బయటపెట్టారు. సర్వర్లకి ఏటా 29 లక్షల డాలర్లు. కొత్తగా చేరేవాళ్లకి ఓటీపీ పంపడానికి 60 లక్షలు.

ఓటీపీకి!

నవంబరు 27

302 ఆయన లిఫ్టులో పట్టుకున్నారు. గ్రూపులో ఎవడైనా చెత్త పెడితే అడ్మిన్‌ని జైల్లో వేస్తారటగా అన్నారు. వేరేవాళ్లు పెట్టినదానికి అడ్మిన్ బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022లో చెప్పిందన్నాను. మూడో అంతస్తు వచ్చింది. తలుపు పట్టుకుని నిలబడి ఆలోచించారు.

“అయితే నన్ను కూడా చెయ్యండి అడ్మిన్‌ని.”

నవంబరు 30

2018 జులైలో మనదేశంలో వాట్సాప్ ఫార్వర్డుకి హద్దు పెట్టారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని ఫోన్లో చదివి, దారిన పోయేవాళ్లని కొట్టి చంపిన రోజులు. ఒకేసారి అయిదు చాట్లకే పంపగలం. 2020 ఏప్రిల్‌లో, బాగా తిరిగిన మెసేజి అయితే ఒక్కదానికే. అలాంటివి డెబ్భై శాతం తగ్గాయని ఆ తర్వాత కంపెనీయే చెప్పింది. ఏ మెసేజినీ చదవలేదు, ఎవర్నీ తీసెయ్యలేదు. వేలికి పని పెంచారు, అంతే.

504 పిన్నిగారు కాపీ పేస్టు నేర్చుకున్నారు.

డిసెంబరు 2

మేనకోడలు అమెరికాలో వెర్మాంట్ నుంచి ఫోను. అక్కడ మంచు. పార లేదు. ఫ్రంట్ పోర్చ్ ఫోరమ్‌లో అడిగితే ముగ్గురు ఇస్తామన్నారట. ఒకాయన తెచ్చి వాకిట్లో పెట్టి వెళ్లాడు, మొహం కూడా చూడలేదు.

ఏమిటది అంటే చాలాసేపు చెప్పింది. 2006 నుంచీ ఉంది. బర్లింగ్టన్‌లో భార్యాభర్తలు మొదలుపెట్టారు. ఊరూరికీ, పేటపేటకీ వేరువేరుగా ఉంటుంది. అసలు పేరుతోనే రాయాలి. ఎవరేం రాసినా ముందు ఒక మనిషి చదవాలి, జీతమిచ్చి పెట్టుకున్న మనిషి. రాసినవన్నీ కట్టగట్టి ఈమెయిల్‌లో పంపుతారు, మామూలుగా రోజుకొక్కసారి. లైకులు లేవు. కిందికి లాగుతూ పోవడానికి ఏమీ ఉండదు, అయిపోతుంది. ఊళ్లో ప్లంబరు, బేకరీ ప్రకటనలిస్తారు. చదివేవాళ్లు చందాలిస్తారు.

“చదువుతుంటే నిద్రొస్తుంది మామయ్యా.”

“మరి ఎందుకు చదువుతావే?”

“నిద్రొస్తుందనే.”

పక్కింటి కుక్క మీద ఒకసారి ఘాటుగా రాసిందిట. మనిషిని తిట్టకుండా సమస్య రాయమని తిప్పి పంపారు. మళ్లీ రాసేసరికి రాత్రయింది. పంపలేదు. కుక్క ఇంకా అరుస్తోందిట.

డిసెంబరు 5

ఐరోపాలో నెలకి నాలుగున్నర కోట్లమంది వాడే వేదికలన్నీ, మన అలవాట్లు లెక్కలోకి తీసుకోని పోస్టుల వరస ఒకటి ఇచ్చి తీరాలి. ఇచ్చారు. ఫేస్‌బుక్ యాప్ మూసి మళ్లీ తెరిస్తే పాత వరసే. ఒకసారి ఎంచుకున్నది అలాగే ఉండాలని ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు ఈ అక్టోబరులో దాని యజమాని మెటాకి చెప్పింది.

మనిషి వద్దన్నది వద్దనే ఉండడానికి కోర్టు కావాల్సొచ్చింది.

డిసెంబరు 6

బ్రిటన్‌లో హామ్‌స్టర్లు పెంచుకునేవాళ్లు కబుర్లు చెప్పుకునే చోటు ఒకటి ఉండేది. ఆన్‌లైన్ సేఫ్టీ చట్టం బాధ్యతలు ఈ మార్చిలో అమల్లోకి వచ్చాయి. చిన్నవాళ్లకైనా జరిమానా కోటీ ఎనభై లక్షల పౌండ్ల దాకా. చిన్నాపెద్దా అందరూ తమ దగ్గర ఏమేం ముప్పులున్నాయో అంచనా రాసి పెట్టుకోవాలి. హామ్‌స్టర్లవాళ్లు తలుపులు మూసేశారు.

ఫేస్‌బుక్ ఉంది.

డిసెంబరు 10

ఆస్ట్రేలియాలో పదహారేళ్లలోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు ఇవాళ్టి నుంచి బంద్. తెలుగు వికీపీడియా మొదలైందీ డిసెంబరు 10నే, 2003లో.

రాత్రి అందులో కాసేపు. 2022లో ఆంధ్రలో 13 జిల్లాలు 26 అయినప్పటి నుంచీ ఊళ్ల పేజీలు దిద్దుతూనే ఉన్నారు. మా తాతగారి ఊరికి జిల్లా మార్చాను. దాంతోపాటు అక్కడి పూతరేకులు ప్రసిద్ధి అని ఒక వాక్యం కలిపాను. పది నిమిషాల్లో జిల్లా ఉంది, పూతరేకులు లేవు. మూలం చూపండి అని మర్యాదగా ఒక ముక్క. ‘ఇటీవలి మార్పులు’ చూశాను. ఎవరు, ఏ పేజీ, ఎన్ని గంటలకి. కొత్తది పైన, పాతది కింద. నా కోసం ప్రత్యేకంగా ఏమీ లేదు.

తీసేసినాయనకి జీతం లేదు. వికీపీడియా నడిపే ఫౌండేషన్‌కి ఏటా పద్దెనిమిది కోట్ల డాలర్ల పైనే వస్తాయి, ఎక్కువభాగం చిన్న చిన్న విరాళాలు. పూతరేకులకి మూలం వెతకాలి.

డిసెంబరు 13

కూ అని ఒక సోషల్ మీడియా యాప్ ఉండేది, గుర్తు పసుపు పిట్ట. 2020లో మొదలు, తెలుగులో కూడా రాసుకోవచ్చు. కొనేవాళ్లు దొరక్క 2024 జులైలో మూసేశారు. 302 ఆయన అందులో రోజుకో పద్యం పెట్టేవారు. ఆ పద్యాలెక్కడున్నాయి సార్ అన్నాను. నోటికొచ్చు అన్నారు. వినిపించారు కూడా.

డిసెంబరు 18

ది వెల్ అని ఆన్‌లైన్‌లో కబుర్లు చెప్పుకునే చోటు 1985 నుంచీ ఉంది. మొదట్నుంచీ చందా. 2012లో యజమాని అమ్మకానికి పెడితే అందులో సభ్యులే డబ్బులు పోగేసి కొనుక్కున్నారు. నాలుగు లక్షల డాలర్లు. హైదరాబాద్‌లో ఇప్పుడు మంచి విల్లా ఆ డబ్బుకి రాదు.

ఆదివారం గేటు యాప్ మీద మీటింగులో ఇది చెప్పాలి.

డిసెంబరు 21, ఆదివారం

సెల్లార్‌లో జనరల్ బాడీ. ది వెల్ గురించి చెప్పాను. బావి తవ్విస్తున్నామా అని వెనకనుంచి ఎవరో. 504 పిన్నిగారు మాత్రం నెలకి ఇరవయ్యేగా, కట్టేద్దాం అన్నారు. ఊహించలేదు. 302 ఆయన లేచి, ఊరికే వచ్చేదానికి డబ్బులు కట్టడం ఏ ధర్మం అన్నారు. చప్పట్లు.

48 ఫ్లాట్లకి నెలకి 960 రూపాయలు. ఇవాళ్టి మిర్చి బజ్జీలు, టీ బిల్లు 1,140.

ఉచిత యాప్‌కి 22 ఓట్లు. డబ్బులు కట్టేదానికి 15. మిగతావాళ్లు రాలేదు. జనవరి 1 నుంచి అమలు. కాదన్నవాళ్ల ఫ్లాటు నంబర్లు మినిట్స్‌లో ఎక్కించమన్నాను. సెక్రటరీగారు ఎక్కించారు.