ఆమెను అడుగుడు

"దానికేం తెలుసు డాక్టరుగారూ, మమ్మల్నడగండి" అను మాట విననిదే నాకు వారము గడవదు. బుద్ధిమాంద్యము గల బిడ్డకు ఇరువదియేండ్లు దాటినను, నొప్పి యెక్కడనో, సూది ఇష్టమో కాదో తల్లిదండ్రులే చెప్పుదురు. వారి ప్రేమను నేను శంకింపను. కాని ఆ ప్రేమయే బిడ్డ నోటికి అడ్డుపడుచున్నదని యెంత మొత్తుకొన్నను ఆలకించువారు కొందరే.

డౌన్ సిండ్రోముతో జన్మించిన ఒక యువతిని తల్లి తీసికొనివచ్చి, నెలనెలా రక్తస్రావము మిక్కుటముగా నున్నదనియు, శుభ్రత చూచుకొనుట పిల్లకు చేతకాదనియు, గర్భసంచి తీసివేయుమనియు ప్రాధేయపడెను. "నేను పోతే దీన్నెవరు చూస్తారండీ?" అని ఆమె అడిగినప్పుడు బదులు చెప్పుట సులభము కాలేదు. అయినను పెంపకపు భారము తీర్చుటకు అవయవమును కోసివేయుట వైద్యము కాదు. 1994లో మహారాష్ట్రలోని శిరూరు ప్రభుత్వ వసతిగృహమునందలి బాలికలకు శుభ్రత పేరిటనే పుణెలో ఇట్టి శస్త్రచికిత్సలు చేయగా దేశమంతట నిరసన చెలరేగెను.

డౌన్ సిండ్రోము గలవారిలో థైరాయిడ్ గ్రంథి మందగించుట తరచు. అది మందగించినచో స్రావము హెచ్చవచ్చును. ఆ యువతి రక్తపరీక్ష గ్రంథి మందగించినదనియే తేల్చెను. ఉదయము పరగడుపున ఒక మాత్ర, వైద్యమింతే.

ఆ మాత్రను గూర్చి ఆ యువతినే అడుగదలచితిని. ప్రక్కన ఎవరుండవలెనని యడుగగా పిన్నిని చూపెను. కాగితముపై మాత్రను, ఆస్పత్రి మంచమును వేరువేరుగా గీసి, ఒక్కొక్క ప్రశ్నయే అడిగి వేచియుంటిని. చాలసేపటికి మంచము బొమ్మను త్రోసివేసి, "కోత వద్దు. మాత్ర నేనే వేసుకుంటా" అనెను, పిదప, "చేదా?" అని అడిగెను. తల్లికి తోచని ప్రశ్న అది! కొన్నాళ్లకు మరల అడిగినను అదే సమాధానము.

బుద్ధిమాంద్యము రోగము కాదు; గ్రహణము నెమ్మదించుటయే గాని నశించుట కాదు. బ్యాంకు పత్రము అర్థము కానివాడు సైతము సూది కావలెనో మాత్ర కావలెనో నిశ్చయించుకొనగలడు. మాట రానివారికి ముఖమున్నది, త్రోసివేయు చేయి యున్నది. 2009లో చండీగఢ్‌కు చెందిన గర్భవతియగు బుద్ధిమాంద్యము గల యువతి బిడ్డను కనగోరగా, ఆమె సమ్మతి లేనిదే గర్భస్రావము కూడదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమునందలి పరిమిత సంరక్షకుడు సైతము తన సంరక్షణలోని వ్యక్తితో కలిసియే నిర్ణయింపవలెను.

కావున తల్లులారా, మీ బిడ్డను నేనడిగిన ప్రశ్నకు మీరు బదులు చెప్పకుడు. ఆమె ఆలోచించుకొనునంతవరకు వేచియుండుటకు నాకు తీరిక కలదు.